నేను ఊపిరి తెంపిన అంగడి

"తాతా, సినిమా అయిపోకముందే లేచి వాకిట్లకొచ్చి కూసున్నవేంది? ఆ పిల్లకు వాళ్ళమ్మ దొరికింది, నువ్వు చూడనే లేదు. ఏడుస్తున్నవా?"

ఏడుసుడేంది బిడ్డా, ముసలి కండ్లు ఊకెనే కారుతయ్. పొర వచ్చింది, ఆపరేషన్ చేయించుకోమని మీ నాయిన మణుగూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్ల పోరు పెడుతనే ఉంటడు. కూసో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది, గా పీట గుంజుకో. ఆఁ. సినిమా బాగలేదని నేనన్ననా? మంచిగనే ఉంది. తల్లిదండ్రి లేని పిల్ల, నోరు తెరిస్తే పాట, ఆ పాట పట్టుకొని పోయి పోయి ఆఖరికి తల్లి ఒళ్ళె పడుతది. నీ అసొంటి పిల్లలు చూసి చప్పట్లు కొట్టాలె. నాకే, ఆ తల్లి కనపడంగనే ఆడ కూసోబుద్ధి కాలే. నాగులు యాదికొచ్చింది. నాగులు ఎవరంటవా? నీకెట్ల ఎరుక ఉంటది, గప్పుడు నువ్వు మణుగూరు కాలనీల ఒకటో తరగతి. కాదు, రెండో తరగతి, మీ తమ్ముడు అప్పుడే పుట్టిండు గదా, సెలవులకు గూడ మీ అమ్మమ్మ ఊరికే పోయేటోళ్ళు మీరు.

ముందుగాల నా సంగతి చెప్తే గని ఆ పిల్ల సంగతి అర్థం గాదు. మన ఇంట్ల సన్నాయి అంటే మీ పెద్దతాతదే, మా అన్నది. పెండ్లిళ్ళకు మా మేళం అంటే ఇటు ఏన్కూరు, జూలూరుపాడు నుంచి అటు భద్రాచలం అవతల దాక పేరుండె. డోలు మా మేనబావది. నాది సుతి. సుతి అంటే ఏందో ఇప్పటి పిల్లలకు తెల్వది. సన్నాయి లెక్కనే పొడుగ్గ ఉంటది గని వేళ్ళాడిచ్చే తొర్రలుండయ్. ఒక్కటే స్వరం. ఊఁ... అంటనే ఉంటది, పెండ్లి మొదలైన కాడికెల్లి అయిపోయేదాక. అన్న పాట దాని మీద నడుస్తది. అందరు అన్న దిక్కే చూస్తరు, శాలువ అన్నకే కప్పుతరు. నా దిక్కు చూసేటోళ్ళు ఎవలంటే చిన్నపిల్లలు, నా బుగ్గలు ఉబ్బుతయ్ గదా, గవి చూసి నవ్వేటందుకు. మీ నానమ్మ, ఆమె ఏ లోకాన ఉన్నదో, ఏమనేదో ఎరుకనా? "నలభై ఏండ్లు మేళంల ఊఁ అన్నడు, ఇంటికొచ్చినా నేనేమడిగినా ఊఁ అంటడు, ఈ మనిషికి రెండో మాట రాదు" అనేది. నవ్వు, నవ్వు. నిజమే.

గని గా ఒక్క స్వరం అల్కగ రాదు బిడ్డా. నోటితోటి ఊదుకుంటనే ముక్కుతోటి గాలి పీల్చుకోవాలె. బుగ్గల కొంచెం గాలి దాచుకొని, ఆ గాలి అయిపోయే లోపల కొత్త గాలి తెచ్చుకోవాలె. మా నాయిన చెంబుల నీళ్ళు పోసి, బొప్పాయి ఆకు కాడ చేతికిచ్చి ఊదమనేటోడు. బుడగలు ఆగినయా, వీపు మీద ఒక్కటి పడేది. మూడు నెలలు పట్టింది నాకు. నాయిన ఒకటే మాట చెప్పేటోడు. పాట తప్పినోణ్ణి మాఫ్ చేయొచ్చు, సుతి తెంపినోణ్ణి చేయొద్దు, ఎందుకంటే పాడేటోడు వాని మీద నిలబడ్డడు, వాడు జరిగితే వీడు పడతడు అని. నలభై ఏండ్లల్ల నేను ఒక్క పెండ్లిల గూడ తెంపలే. పొలమారినా తెంపలే. ఒకపారి వైరాల పెండ్లిల తేనెటీగ మెడ మీద కుట్టె, కండ్లెంబడి నీళ్ళు కారుతున్నయ్, సుతి మాత్రం తెగలే. ఒకే ఒక్కపారి తెంపిన. గదే చెప్పబోతున్న.

రెండువేల సంవత్సరం వస్తే లోకం మునుగుతదన్నరు చూడు, ఏం మునగలే. ఆ ఏడు మిరప మస్తుగ కాసింది. కాయలు ఏరేటందుకు గోదారి అవతలి అడివిల నుంచి కూలోళ్ళు ట్రాక్టర్ల వచ్చిండ్రు, ఇప్పుడు వస్తరు చూడు, గట్లనే. మన ఇంటెనక చేను గట్టు మీద ప్లాస్టిక్ పట్టాలు గుడిసెల లెక్క కట్టుకొని ఉండిరి. అండ్ల ఒకామె, సన్నటి మనిషి, ఎంబడి పిల్ల. పదేండ్లో, తొమ్మిదో, ఎవలు లెక్కపెట్టిండ్రు. తల్లీబిడ్డలకు ఇద్దరికీ జరం తగిలింది. మీ నానమ్మ పోయి చూసి పిల్లను మన ఇంటికి ఎత్తుకొచ్చింది. తల్లిని జీపుల ఖమ్మం పెద్ద దవాఖానకు తీసుకపోయినం, నేనే పోయిన ఎంబడి. జరం అప్పటికే తలకెక్కింది. రెండు రోజులున్నది. ఇగ రాలే ఆమె.

కూలోళ్ళ మేస్త్రి ఉంటడు గదా, వాడు "పిల్ల లేవంగనే వచ్చి తీసుకపోత" అన్నడు. కాయ ఏరుడు అయిపోయింది, ట్రాక్టర్ పోయింది, మేస్త్రి మల్ల మొఖం చూపియ్యలే. పిల్లనడుగుదమంటే దానికి మన తెలుగు రెండు ముక్కలే వచ్చు. పేరేందంటే నాగులు అన్నది. ఊరేదంటే "గుంపు" అన్నది. అడివిల ప్రతి పల్లె గుంపే నాయె, ఒకాయన ఇంటిపేరుతోటి ఒక గుంపు, ఇంకొకాయన ఇంటిపేరుతోటి ఇంకో గుంపు. ఏ గుంపని ఎతకాలె? మీ నాయిన ఏడి అంటే, నేల మీద మట్టి కప్పినట్టు చెయ్యితోటి చూపించింది. మీ నానమ్మ లేచి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

జరం తగ్గినంక బువ్వ పెడితే ఉత్తగ తినకపాయె. గిన్నె ముందట పెట్టుకొని, కండ్లు మూసుకొని, సన్నగ ఒక పాట పాడుకుంటది. నాలుగు మాటలే, అవే మల్ల మల్ల. పాట అయినంకనే మొదటి బుక్క. పొద్దుగాలంతే, మాపంతే. వాళ్ళ భాష మనకు రాదాయె. మీ నానమ్మ "చూసినవా, ఎంత భక్తి! దేవునికి మొక్కంది మెతుకు ముట్టది. మీరూ ఉన్నరు, గిన్నె కనపడితే సాలు" అని మా అన్నదమ్ములను ఇద్దర్నీ కలిపి తిట్టింది. అప్పటి సంది ఆ పిల్ల పాడినప్పుడల్ల మీ నానమ్మ చేతులు జోడిచ్చుడు. అన్న గూడ జోడిచ్చుడు. నేను గూడ, అబద్ధమెందుకు.

ఇగ ఆ పిల్ల చెవి సంగతి ఎట్ల చెప్పాలె? నేను పొద్దుగాల వాకిట్ల, గిదో గీడనే, కూసోని సుతి ఊదేటోణ్ణి. వారం రోజులు గోడకానుకొని విన్నది. ఎనిమిదో రోజు, నేనింక బూర నోట్ల పెట్టుకోకముందే, ఊఁ... అని అందుకున్నది. నేను ఊది చూసిన. వెంట్రుక వాసి తేడా లేదు. నిన్న ఊదిన స్వరం ఇవ్వాల్టిదాక యాడ దాచిపెట్టుకున్నది ఈ పోరి అనుకున్న. అప్పటి సంది తినేముందు గూడ గదే తీరు, ముందుగాల నా సుతి కాసేపు, తర్వాత ఆ పాట. చెంబూ బొప్పాయి కాడా ఇస్తే, నాకు మూడు నెలలు పట్టిన పని నాలుగు రోజులల్ల పట్టేసింది. నాకు కొంచెం కోపం గూడ వచ్చింది బిడ్డా. నేను పడ్డ దెబ్బలన్నీ ఉత్తగ పోయినయ్ గదా అని.

మా అన్నకు కొడుకులు లేరు. ఇద్దరు బిడ్డలు, పెండ్లిళ్ళై ఎవలింటికి వాళ్ళు పోయిండ్రు. మీ నాయిననేమో బొగ్గుబాయి నౌకరీ గుంజుకపాయె. మా తాత కాడి సన్నాయి నాతోనే ఖతం అని అన్నకు లోపల రంది. అయినా గని ఆడపిల్ల సన్నాయి ఊదుడేంది, లోకం నవ్వుతదని ఒకటే పట్టు. ఒక రోజు మధ్యాన్నం తిని పండుకున్నడు. గోడకు మా నాయిన చిన్నప్పటి పొట్టి సన్నాయి ఏలాడుతుంటది. పిల్ల దాన్ని దించుకొని పెరట్ల నిమ్మచెట్టు కింద కూసోని, గా బువ్వ ముందటి పాట ఊదింది. వంకర టింకరగనే, గని పాట పాటే. అన్న లేచిండు. అయిపోయిందిరా, పిల్లకు దెబ్బలే అని నేను ఉరికొచ్చిన. అన్న తలుపు కాడ నిలబడి ధోతి చెంగుతోటి మొఖం తుడుచుకుంటున్నడు. నన్ను చూసి ఏమన్నడో ఎరుకనా? "గుడ్లప్పగిచ్చి చూస్తవేంది తమ్మీ, సుతి పట్టు" అన్నడు.

గట్ల మూడేండ్లు. బడిల ఏసినం, ఐదో తరగతి దాక పోయింది, లెక్కలు వచ్చేవి గాదు గని రాగాలు మాత్రం చెప్పకముందే వచ్చేవి. అన్న వాయించేది అది మల్ల వాయించుడు గాదు, దానికి ఇంకొక మలుపు పెట్టేది. అన్న నా దిక్కు చూసేటోడు, నేను ఊదుకుంటనే కండ్లతోటి అవ్ అవ్ అనేటోణ్ణి. ఇంకో రెండేండ్లైతే నా సన్నాయి దీనికే ఇస్త అని అన్న ఊరంత చెప్పుకున్నడు. ఇగ ఆ బువ్వ ముందటి పాట ఉన్నది చూడు, అది అన్నకు మస్తు నచ్చింది. పెండ్లిళ్ళల్ల, పెండ్లిపిల్లను మంటపంలకు తోలుకొచ్చేటప్పుడు, దాన్ని నెమ్మదిగ సాగదీసి వాయించుడు మొదలుపెట్టిండు. పెద్దమనుషులు కండ్లు మూసుకునేటోళ్ళు. పెండ్లిపిల్ల తల్లులు కొంగు నోట్ల కుక్కుకునేటోళ్ళు. ఒక పంతులు "ఏ క్షేత్రం పాటయ్యా ఇది, మనసు నిమ్మళమైంది" అంటే, అన్న మీసం దువ్వి "మా ఇంటి సంప్రదాయం స్వామీ" అన్నడు.

మిరపకాయల కాలం రాంగనే మీ నానమ్మ పిల్ల చెయ్యి పట్టుకొని ట్రాక్టర్ల కాడికి పోయి, ఈ పిల్ల ఎవలదో ఎరుకనా అని అందర్నీ అడిగేది. ప్రతి ఏడు అడిగింది. ఎవలూ ఎరుక లేదనేటోళ్ళు. మీ నానమ్మ మొఖం చిన్నగ చేసుకొని వచ్చేది, నేను చుట్ట ముట్టిచ్చుకొని పెరట్లకు పోయేటోణ్ణి. ఎందుకో చెప్పనా? నవ్వు ఆపుకునేటందుకు. సంతోషం బిడ్డా, ఎవలూ గుర్తు పట్టలేదని. నన్ను మంచోడు మంచోడు అంటరు గదా ఊర్లె, వాళ్ళకేం తెల్సు.

ఇగ నాలుగో ఏడు, దుమ్ముగూడెం దాటినంక ఒక ఊర్లె పెండ్లికి పిలిచిండ్రు. నాగులును గూడ తీసుకపోయినం, అప్పటికి అన్న పక్కన కూసోని వాయిస్తుండె. పెండ్లిపిల్లను మంటపంలకు తెచ్చేటప్పుడు మన దేవుని పాట ఎత్తుకున్నం. చూస్తే, పందిరి అవతల వంటకాడ నీళ్ళు మోసే ఆడోళ్ళు, అడివి పల్లెలోళ్ళు, ఒకల మీద ఒకలు పడి నవ్వుతున్నరు. అన్నకు మండింది. ఆడపిల్ల ఊదుతుందని నవ్వుతున్నరని మేం అనుకున్నం. గంతే అనుకున్నం, ఇంకో ఆలోచనే రాలే. ముసలి ముండాకొడుకులం ఇద్దరం.

తెల్లారి బేస్తారం, ఆ పక్క ఊర్లె వారంవారం పెట్టే అంగడి. బస్సు మధ్యాన్నం గని రాదు. అంగట్ల చింతచెట్ల కింద కూసున్నం. చాయ రెండు రూపాయలు, ఉత్త పంచదార నీళ్ళు, ఇంకా నోట్లెనే ఉన్నది ఆ రుచి. చింతపండు, విప్పపూలు, తేనె, చీపుర్లు, అడివోళ్ళు గంపలు దించుకొని కూసున్నరు. అన్న "బస్సొచ్చేదాక ఊకెనే కూసునుడెందుకు, వాయించు బిడ్డా" అన్నడు. నాగులు పొట్టి సన్నాయి తీసింది. నేను సుతి పట్టిన. గదే పాట.

ముందట చింతపండు గంప పెట్టుకొని ఒక ముసలవ్వ ఉన్నది. తరాజు చేతుల ఉన్నది. పాట ఎత్తుకోంగనే ఆ తరాజు ఆగింది. ఆమె మా దిక్కు గూడ చూస్తలేదు, యాడనో నేల దిక్కు చూస్తున్నది, పెదాలు ఆడుతున్నయ్. సరే, పాట తెల్సినామె అనుకున్న. అప్పుడు ఆమె కుడి చెయ్యి లేచింది బిడ్డా. వేళ్ళు గిట్ల, ఐదూ దగ్గరకొచ్చి, బుక్క చేసినట్టు. చేతుల ఏం లేదు. ఉత్త గాలిల బుక్క చేసి, ముందట పిల్ల ఎవలో కూసున్నట్టు, నోటి ఎత్తుకు చాపింది. అప్పుడెరుకైంది నాకు. అది దేవుని పాట గాదు. అది బువ్వ తినిపిచ్చే పాట. మొఖం చూస్తే నేను దవాఖానకు తీసుకపోయిన ఆ తల్లి మొఖమే, ఈమెనే ఆ పాట నేర్పింది. నాగులు కండ్లు మూసుకొని వాయిస్తున్నది, ఇంకో రెండు చుట్లైతే కండ్లు తెరుస్తది, ముందట ఈమె ఉంటది.

నేను సుతి తెంపిన.

బూర నోట్లకెల్లి తీసేసిన. సన్నాయి ఒక్కసారి అడ్డం పడ్డట్టయి ఆగింది. నాగులు కండ్లు తెరిచి నా దిక్కే చూసింది, ముందటికి చూడలే. నేను "బస్సు, బస్సొచ్చింది, లేవుండ్రి" అని లేచి మూట ఎత్తిన. బస్సు నిజంగనే వస్తుండె, దూరంగ, దుమ్ము లేస్తుండె. ఇద్దర్నీ ఎక్కిచ్చిన. ఎనకకు తిరిగి చూడలే. చూడలే అంటున్న గని, చూసిన. ఆ ముసలవ్వ లేచి నిలబడి జనంల ఎతుకుతున్నది, తరాజు కింద పడి ఉన్నది.

బస్సుల అన్న "ఏమైందిరా నీకు" అంటే పొలమారిందన్న. నాగులు భద్రాచలం వంతెన మీద గోదారి చూసుకుంట కూసున్నది. ఇంటికొచ్చినంక అడిగింది, "తాతా, నీకు పొలమారితే సుతి తెగదు గదా" అని. నేనేమన్న? ఊఁ అన్న. అప్పటి సంది ఆ పిల్ల సన్నాయి ముట్టలే. అన్న బతిలాడిండు, కోపం చేసిండు. ముట్టలే. బువ్వ ముందట పాట గూడ బంద్. నిలబడ్డ నేల ఒకపారి జరిగితే మల్ల కాలు పెట్టబుద్ధి కాదు గదా. తినేది, లేచేది.

వారం దినాలు చూసి మీ నానమ్మకు చెప్పిన. జొన్నలు చెరుగుతుండె. చెరుగుడు ఆపలే, తల ఎత్తలే. అంతా విన్నది. విని, "ఊపిరి నీదయ్యా, పిల్ల నీది గాదు" అన్నది. తిట్టినా మంచిగుండు. లేచి పోయి పిల్ల బట్టలు ఉతికి ఆరేసింది, రెండు గౌన్లు, ఒక పరికిణి, బడి చొక్కా.

బేస్తారం బేస్తారం పోయినం, నేనూ నాగులు. పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పిన బస్సులనే, నేనెందుకు తెంపిన్నో. నా మొఖం చూసి, కిటికీ దిక్కు తిరిగి కూసున్నది. మొదటి వారం ముసలవ్వ లేదు. రెండో వారం లేదు. మూడో వారం వాన, అంగడే నిండలే. అడివిల ఎవల్నడిగినా, చింతపండు అమ్మే ముసలోళ్ళు మస్తుమంది, ఏ ముసలామె అంటరు. నా తప్పు నాకు గప్పుడు తెల్సింది బిడ్డా. ఆమె ముసల్ది. వారం వారం ఆమె పాణం ఉంటదని ఎవలు రాసిచ్చిండ్రు? ఈ పిల్లకు లోకంల ఉన్న ఒక్క మనిషిని నేను నా ఊపిరితోటి పోగొట్టిన్నేమో అని బస్సుల కూసోని భద్రాద్రి రాముణ్ణి మొక్కిన. నాలుగో వారం, అదే చెట్టు, అదే గంప. ఉన్నది.

సినిమాల లెక్క ఎవలూ ఉరకలే. నాగులు పోయి ముందట నిలబడ్డది. ముసలవ్వ ఎవలికో చింతపండు జోకుతున్నది. తల ఎత్తి చూసింది. చూసి, ఆ జోకుడు పూర్తి చేసింది, సగం కింద పోసింది, అయినా పూర్తి చేసింది. తర్వాత పక్కనున్న సొరకాయ బుర్ర తీసి, దొప్పల జావ ఒంపి, పిల్లను కూసోమన్నది. ముద్దయ్యే జావ కాదది, పలుచటిది, అయినా వేళ్ళతోటే నోటికి అందిచ్చింది. పాట పాడుకుంట. నాగులు అంత పొడుగు పిల్ల, మోకాళ్ళ మీద కూసోని నోరు తెరిచింది.

నేను వాళ్ళ ఎనక నిలబడ్డ, సుతి బూర గుడ్డసంచిల పెట్టుకొని. గా సినిమాల చూడు, తల్లి దొరకంగనే ఆ ఇద్దర్నే చూపిస్తరు, చప్పట్లు కొట్టిపిస్తరు. అన్నేండ్లు ఆ పిల్లకు నీళ్ళు కాగబెట్టి పోసినోళ్ళు ఆ పొద్దు యాడ నిలబడ్డరో చూపియ్యరు. వాళ్ళు ఈడ నిలబడతరు బిడ్డా, చింతపండు గంప ఎనక. అందుకే లేచొచ్చిన.

అంగడి తెలుగుల ముసలవ్వ చెప్పింది, నాగులు వాళ్ళమ్మకు తల్లంట ఆమె. మేస్త్రి పోయి తల్లీ పోయింది, పిల్లా పోయింది అని చెప్పిండంట. ఇద్దరికీ కలిపి దినాలు చేసిండ్రంట. పాట సంగతి నేనే అడిగిన. "ఒక బుక్క నువ్వు తిను, లేకుంటే కాకి తింటది, కాకి తిన్నంక ఏడిస్తే ఇయ్య" అంట. గదీ పాట! గది ఇని గూడ మూడేండ్లు పెద్దమనుషులు కండ్లు మూసుకున్నరు. కాకికి పెడత కాకికి పెడత అని ఎంతమంది పెండ్లిపిల్లలను మంటపం ఎక్కిచ్చినమో. ఇంటికొచ్చి చెప్తే అన్న మొదలు నమ్మలే, తర్వాత ఎంత నవ్విండంటే దగ్గు వచ్చింది. నవ్వి నవ్వి, పోయి గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నడు.

అవ్, పోయింది నాగులు. ఆ పొద్దే గాదు, మల్ల బేస్తారం, మీ నానమ్మ మూట కట్టింది. పచ్చళ్ళు, బట్టలు, బడి పుస్తకాలు. అన్న తన పెద్ద సన్నాయి ఇచ్చిండు, చెప్పినట్టు రెండేండ్లు ఆగలే. అంగడి జీపు ఎనక ముసలవ్వ పక్కన కూసోని, జీపు కదిలేటప్పుడు నాగులు సన్నాయి తీసింది. నెలన్నర దినాలు ముట్టంది. నా దిక్కు చూసి "సుతి పట్టు తాతా" అన్నది. గంత మాట అన్నది బిడ్డా ఆ పిల్ల నాతోటి. నేను పట్టిన. జీపు మలుపు తిరిగింది, నేను ఆపలే. సన్నాయి సప్పుడు సన్నమైంది, ఆపలే. పూర్తిగ వినపడుడు బంద్ అయినంక గూడ, ఏమో, దానికి ఇంకా వినపడుతదేమో అని, ఊదుకుంటనే ఉన్న. అంగట్లోళ్ళు చుట్టూ చేరిండ్రు, ఈ ముసలోడికి పిచ్చి లేసిందని. చాయ హోటలాయన వచ్చి భుజం మీద చెయ్యేసిండు, అప్పుడు దించిన.

రెండేండ్లకు ఒకపారి వచ్చింది, మీ నానమ్మ ఉన్నప్పుడే. చింతపండు తెచ్చింది. అన్న పోయినప్పుడు కబురు అందలే దానికి, గోదారి నిండుగ ఉండె. అన్న పోకముందు ఇంకో సన్నాయి కొనుక్కొని, ఖమ్మం నుంచి కరెంటు సుతిపెట్టె గూడ తెచ్చిండు లే, నా పండ్లు ఊడి పీక పట్టు దొరుకుతలేదని. మంచిగనే పనిచేస్తది ఆ పెట్టె. మీట నొక్కితే మోగుతది, తెంపుడంటే తెల్వది దానికి. అటక మీద ఉన్నది, కావాల్నంటే తీసుకపో.

ఇప్పుడు యాడుంది అంటవా? ఆడనే, ఆ గుంపులనే. నాకు ఒకొక్కపారి అనిపిస్తది, నేను నోరు మూసుకొని ఉంటే పెద్ద బడిల సంగీతం నేర్చుకునేది, రేడియోల వినపడేది అని. అనిపిస్తది మల్ల పోతది. గిదో, మిరపకాయల కాలం రాంగనే నేను గట్టు మీద పోయి కూసునుడు, ట్రాక్టర్ దిగిన ప్రతి ఆడామె మొఖం చూసుడు. మీ నాయిన ఎండదెబ్బ తగుల్తదని తిడుతడు. తిట్టనీ.

మొన్న, నువ్వు వచ్చుడుకు వారం ముందట, ఒకామె దిగింది. మీది ఏ గుంపమ్మా అంటే చెప్పింది, నాగులు గుంపుకు పక్కదే. నాగులు ఎరుకనా అంటే, ఎరుకనే, సన్నాయి నాగులు గదా, పెండ్లయి రెండేండ్లయింది, ఆడపిల్ల పుట్టింది అన్నది. పిల్లకు పాలేనా, బువ్వ పెడుతుందా అంటే, జావ పెడుతుందంట. కాకి పాట పాడుతదా అన్న. ఆమె నవ్వింది. "పాడతది గని, దానికొక పిచ్చి ఉన్నది తాతా. అందరు పాటే పాడతరు. అది ముందుగాల ఊఁ... అని కాసేపు అంటది. ఎందుకో ఎవలకూ తెల్వది. ఆ ఊఁ అననిది దాని బిడ్డ నోరు తెరవది" అన్నది.

నేను గట్టు మీదనే కూసున్న. ఎండ ఎక్కింది గూడ తెల్వలే. మీ నానమ్మ ఉంటే ఉరికొచ్చి ఆమెకు చెప్పేటోణ్ణి, ఇగో నీకిప్పుడు చెప్పిన.

పో బిడ్డా, బువ్వ తిను, సల్లారిపోతది. సల్లగుండు. నువ్వు ఏ పాట ఎత్తుకున్నా నీ ఎనక ఒకలు సుతి పట్టి ఉండాలె, వాళ్ళ ఊపిరి తెగొద్దు. గంతే నేను కోరుకునేది... ఆఁ, ఆ టీవీ బంద్ చేసినవా?